ఫ్రాంజ్ ఫానన్ యూనివర్సిటీ ప్రొఫెసరా?

కాదు, కరీబియన్ దీవి మార్టినిక్‌లో 1925లో పుట్టిన ఫానన్ ప్రధానంగా ఆసుపత్రి సైకియాట్రిస్టు. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చదివి, 1953లో అల్జీరియాలోని బ్లిదా మానసిక వైద్యశాలలో చేరారు. ఆయన పరిశోధన ఎక్కువగా వార్డుల్లోనే సాగింది. ఉదాహరణకు, చికిత్సలో భాగంగా అక్కడ పెట్టిన వేడుకలు, గోడపత్రికలు యూరోపియన్ మహిళలకు మేలు చేశాయి గానీ ముస్లిం పురుషులకు అస్సలు పట్టలేదు. లోపం రోగుల్లో కాదు, ఫ్రెంచి పద్ధతిని యథాతథంగా దించడంలో ఉందని గ్రహించి, వాళ్లకు అలవాటైన కాఫీ దుకాణాన్ని ఆసుపత్రిలోనే పెట్టించారు. దీనిపై సహచరుడితో కలిసి 1954లో వ్యాసం రాశారు. అసలు గొప్ప పాఠం ఇదే. అల్జీరియాలో ఫ్రెంచి వలస పాలనను నిరసిస్తూ 1956లో రాజీనామా చేశారు.

తర్వాత ట్యునీషియా రాజధాని ట్యునిస్‌లో కొన్ని ఉపన్యాసాలిచ్చారు, ప్రొఫెసర్ అనుకోవడానికి అదో కారణం. తొలి పుస్తకమే ఆయన థీసిస్ అనీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రచనను థీసిస్‌గా ఆమోదించలేదు. 1951లో వంశపారంపర్య నాడీ వ్యాధిపై వేరేది రాసి డాక్టరయ్యారు.