అటక నిండింది, ఇల్లు ఇరుకైంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇల్లు సర్దుకోవడం గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. చాలామంది ఏ డబ్బాలు కొనాలని అడిగారు. డబ్బాలు కొనడం అన్నిటికన్నా చివరి పని.

ప్రశ్న: మాది రెండు గదుల అద్దె ఇల్లు. అటక మీద ఏళ్ల తరబడి సామాను పేరుకుంది. మూతలున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు డజను తెస్తే సరిపోతుందా? (కర్నూలు)

జవాబు: ఇప్పుడే తేవద్దు. డబ్బా ముందొస్తే అక్కర్లేని వస్తువు కూడా మూత కింద చేరి ఇంకో పదేళ్లు ఉండిపోతుంది. ముందు దించండి, తర్వాత తగ్గించండి, మిగిలినదాన్ని కొలిచి అప్పుడు డబ్బా కొనండి.

అటకంతా ఒకేసారి దించితే సాయంత్రానికి ఇల్లంతా సామానై, విసుగొచ్చి అన్నీ మళ్లీ పైకే వెళ్తాయి. ఒక పూటకు నాలుగడుగుల మేర చాలు. ఎండాకాలమైతే పొద్దున్నే మొదలుపెట్టి పది గంటల్లోపు ముగించండి, ఆ తర్వాత స్లాబు కింద నిలవలేరు. పాత గోనెసంచులు, అట్టపెట్టెల సందుల్లో తేళ్లు ఉంటాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించి చూడండి, మందపాటి చేతితొడుగులు వేసుకోండి. నిచ్చెన పట్టుకోవడానికి మరొకరు ఉండాలి.

దించినవన్నీ ఒక దుప్పటి మీద పరవండి. గత రెండు సంక్రాంతుల మధ్య ఒక్కసారైనా దించారా? లేదంటే అది వెళ్లిపోవాల్సిందే. పెళ్లినాటి సారె సామాన్లు, ఊయల వంటివి మినహాయించండి, అయితే వాటికీ ఒక డబ్బా హద్దు పెట్టుకోండి. టీవీ, మిక్సీల అట్టపెట్టెలు ముందు తీసేయండి. వెండి పురుగులూ బొద్దింకలూ చేరేది వాటిలోనే. ఇల్లు మారే అవకాశముంటే టీవీ పెట్టె ఒక్కటి ఉంచుకోండి. పాత చీరలిచ్చి స్టీలు సామాన్ల బండి దగ్గర గిన్నెలు మార్చుకోవద్దు, ఖాళీ అయిన చోటు అక్కడికక్కడే నిండిపోతుంది. బట్టలు బట్టలుగానే ఇచ్చేయండి. ఇత్తడి, ఇనుము పాత సామాన్లవాళ్లకు వేసేముందు ఇంట్లో తూకం చూసుకోండి.

ఇక కొలతలు. అటక లోతు, ఎత్తుతోపాటు దాని నోరు కూడా కొలవండి. లోపల చక్కగా పట్టే డబ్బా తలుపులో దూరక తిరిగిచ్చేయడం మామూలే. నోటి ఎత్తు కంటే రెండు అంగుళాలు తక్కువున్న డబ్బా తీసుకోండి. ఒక్కోదానిలో పది పన్నెండు కిలోలు మించొద్దు, నిచ్చెన మీద నిలబడి దించాల్సింది మీరే కదా. లోపలున్నవాటి పేర్లు కాగితం మీద రాసి, బయటకు కనిపించే వైపు అంటించండి. మూత మీద అంటిస్తే కింది నుంచి చూసేవాళ్లకు కనపడదు. మందులు, ఫొటోలు, బ్యాటరీలు, కొవ్వొత్తులు అటక ఎక్కకూడదు. మన ఎండలకు అక్కడి వేడి గదిలో వేడికన్నా ఎక్కువ.

ప్రశ్న: చేను నుంచి వచ్చిన బుడ్డలు (వేరుశనగ కాయలు), కందిబేడలు (కందిపప్పు), బియ్యం మూటలు హాల్లోనే ఉంటున్నాయి. పురుగు పడుతోంది. చోటు ఎలా చేసుకోవాలి? (అనంతపురం)

జవాబు: మూటలు నేలకూ గోడకూ తగలకుండా ఉండటం మొదటి పని. నేల చెమ్మ గోనెసంచిలోకి ఎక్కుతుంది, ఆ మూటకే బూజు ముందు పడుతుంది. నాలుగంగుళాల ఎత్తున చెక్కపలకలు వేసి, గోడకు జానెడు ఎడం వదిలి మూటలు పేర్చండి. ఆ సందులో చీపురు పడితే ఎలుక గూడు పెట్టినా వెంటనే తెలుస్తుంది.

బుడ్డలు తొక్కతోనే నిలవ ఉంచండి. వొలిచిన విత్తనాలు వేడికి తొందరగా చేదెక్కుతాయి. నెలకు సరిపడా మాత్రమే వొలుచుకోండి. చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి, అప్పుడే ఆరినట్టు. ఎండలో ఆరబెట్టినవి వేడి మీదే సంచికెత్తొద్దు. చల్లారేటప్పుడు సంచి లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. బూజు పట్టిన బుడ్డల్లో కాలేయానికి హాని చేసే విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. వాటిని ఏరి పారేయండి, నూనెకు కూడా ఇవ్వొద్దు.

బేడలు ఎండబెట్టి, చల్లార్చి, గాలి చొరని డబ్బాలో అంచుదాకా నింపండి. సగం ఖాళీ ఉంటే పురుగుకు కావలసిన గాలి అక్కడే దొరుకుతుంది. బియ్యాన్ని మాత్రం గట్టి ఎండలో పెట్టొద్దు, పగిలి నూకవుతుంది. నీడన పరిచి, జల్లించి ఎత్తుకోండి. పాత బియ్యం మీద కొత్త బియ్యం పోయకండి. బియ్యప్పురుగు గింజలోనే గుడ్డు పెడుతుంది, అది ఎదిగి బయటికి రావడానికి దాదాపు నెల పడుతుంది. పైకి శుభ్రంగా కనిపించిన బియ్యంలో ఉన్నట్టుండి పురుగు తేలడానికి కారణం ఇదే. డబ్బా అడుగుదాకా ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టాకే కొత్తవి పోయండి. వేపాకు వేస్తే కొత్త పురుగు రావడం కొంత తగ్గవచ్చు, లోపలున్నది మాత్రం చావదు.

ధాన్యం గోదాముల్లో వాడే విషవాయువు మాత్రలను మనుషులు పడుకునే ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. ప్రాణాలు పోతాయి.

ప్రశ్న: వంటింట్లో కడపబండ అరలున్నాయి. లోతు ఎక్కువ కావడంతో వెనకున్నవి కనపడవు. తెల్లమచ్చలు కూడా పోవడం లేదు. (కడప)

జవాబు: వెనక వరుసలో వేరే సరుకు పెట్టడం వల్లే మరచిపోతున్నారు. ముందున్న డబ్బాలో వాడే కందిబేడలుంటే, దాని వెనక డబ్బాలోనూ కందిబేడలే ఉండాలి. ముందుది అయిపోగానే వెనకది ముందుకొస్తుంది. రోజూ తీసేవి నడుము నుంచి భుజం ఎత్తు మధ్య, గ్రైండరు, నూనె డబ్బాల వంటి బరువులు కింద, పండగ గిన్నెలు పైన పెట్టండి.

20 మిల్లీమీటర్ల మందం, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బండే దాదాపు 40 కిలోలు తూగుతుంది. రెండున్నర, మూడడుగులకు ఒక ఆధారం లేకపోతే నడిమధ్యన బరువు పెట్టొద్దు, గోడ పక్కకు జరపండి. తెల్లమచ్చలు మురికి కాదు. కడపబండ సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్‌రూం యాసిడ్ తగిలితే పాలిష్ కరిగిపోతుంది. ఎంత రుద్దినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. ఇకపై పచ్చడి జాడీల కింద పళ్లెం పెట్టండి.

ప్రశ్న: ధర్మవరం పట్టుచీరల జరీ నల్లబడుతోంది. కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్లలోనే దాచాను. (ప్రొద్దుటూరు)

జవాబు: ఆ కవర్లు తీసేయండి, లోపల చెమ్మ నిలుస్తుంది. ఉతికి గంజి లేకుండా ఆరబెట్టిన పాత తెల్లపంచెలో ఒక్కో చీర చుట్టండి. గంజి ఉంటే వెండి పురుగులు వస్తాయి. జరీ లోపలికొచ్చేలా మడవండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, సెంటు కొట్టకూడదు. మూడు నెలలకోసారి తీసి, నీడన గంటసేపు గాలికి ఆరవేసి, మడత మార్చండి. ఒకే మడతమీద ఏళ్లు ఉంటే అక్కడే చిరుగుతుంది.

ప్రశ్న: కాగితాలు సంచుల నిండా ఉన్నాయి. ఏవి ఉంచాలి? (కర్నూలు)

జవాబు: ఇంటి రిజిస్ట్రేషన్ పత్రాలు, లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకం, చదువు సర్టిఫికెట్లు, జనన మరణ పత్రాలు ఎప్పటికీ ఉంచాల్సినవి. పన్ను రిటర్నుల కాగితాలు ఏడేళ్లు ఉంచండి. కరెంటు బిల్లులు ఏడాదివి చాలు. షాపుల బిల్లుల మీది అచ్చు నెలల్లోనే వెలిసిపోతుంది, గ్యారంటీ ఉన్నవాటిని వెంటనే జిరాక్సు తీయించండి. ఒరిజినళ్లు ల్యామినేషన్ చేయించొద్దు, మళ్లీ విడదీయలేరు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచెత్తినప్పుడు తడిసి పాడైన కాగితాలెన్నో. మీ ఇల్లు పల్లంలో ఉంటే బీరువా కింది అరలో ఒరిజినళ్లు పెట్టకండి. జిప్పున్న మందపాటి కవర్లో వేసి, ఒకే ఫైలుగా, చేత్తో పట్టుకుని బయటపడగలిగే చోట ఉంచండి.

ప్రశ్న: ఏది తీసేద్దామన్నా మా అత్తమ్మ వద్దంటారు. (ఆదోని)

జవాబు: ఆమె సామానుతో మొదలుపెట్టకండి. ముందు మీవి, పిల్లలవి తగ్గించండి. తర్వాత ఆమెకు ఒక పెట్టె పూర్తిగా వదిలి, అందులో ఏముండాలో ఆమెనే నిర్ణయించుకోమనండి. అనుమానమున్న వస్తువులను వేరే సంచిలో కట్టి, తేదీ రాసి, ఆరు నెలలు పక్కన పెట్టండి. ఆలోగా ఆమె అడిగితే తీసివ్వండి. గడువయ్యాక ఆమె ముందే సంచి విప్పండి, ఆమెకు తెలియకుండా ఏదీ బయటికి పంపొద్దు. ఒక్కసారి అలా జరిగిందంటే తర్వాత పాత చేటను కూడా కదలనివ్వరు.