పాత సైకిల్‌కి వినైల్ తొడిగే ముందు

చిరంజీవి నానికి,

నీ సైకిల్ ఫొటో చూశాను. చక్రాలు నిక్షేపంగా ఉన్నాయి, రంగే వెలిసిపోయింది. పెయింట్ జోలికి పోకుండా వినైల్, అంటే వెనక జిగురుండే పల్చటి ప్లాస్టిక్ పొర, అతికిద్దామన్న నీ ఆలోచన మంచిదే. నచ్చకపోతే పీకేసి ఇంకోటి వేసుకోవచ్చు. కానీ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గర తుప్పు కనిపించింది, నా భయమంతా దాని గురించే.

మొదటిసారి నేనూ తుప్పు మీదే అతికించేశాను, పైకి కనబడదు కదా అని. ఒక్క వానాకాలానికే లోపల తుప్పు పొంగి, పైన పొక్కులు లేచాయి. పీకితే రంగు పెచ్చులు కూడా దాంతోపాటే ఊడొచ్చాయి.

కాబట్టి ముందు శుభ్రం సంగతి చూడు. పాత స్టిక్కర్లను హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, ఓ మూల నుంచి నెమ్మదిగా లాగు. మిగిలిన జిగురు కిరసనాయిలు గుడ్డతో పోతుంది. ఆ జిడ్డును సబ్బునీళ్లతో కడిగెయ్యి. తుప్పును ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ పూసి, బాగా ఆరనివ్వు. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక ఇక చెయ్యి తగలనివ్వకు, వేలి జిడ్డున్న చోట జిగురు సరిగా పట్టదు. ఎలాగూ అంత దగ్గరగా చూస్తున్నావు కాబట్టి గొట్టాల అతుకుల దగ్గర పగుళ్లున్నాయేమో గమనించు. ఉంటే వినైల్ మాట పక్కనపెట్టి మెకానిక్‌కి చూపించు. దాన్ని కప్పేసి తొక్కడం ప్రాణాలతో చెలగాటం.

వినైల్ కొనేటప్పుడు 'కాస్ట్' రకం అడుగు. సుమారు 50 మైక్రాన్ల మందమే ఉంటుంది, వంపులకు చక్కగా ఒదుగుతుంది. 'క్యాలెండర్డ్' రకం చవకే గానీ మందం ఎక్కువ, పైగా కొన్నాళ్లకు కుంచించుకుపోయి అంచులు లేస్తాయి.

గొట్టానికి దారం చుట్టి కొలత తీసుకో. 28.6 మి.మీ. వ్యాసమున్న గొట్టమైతే చుట్టుకొలత 90 మి.మీ. దాకా వస్తుంది. అంచు మీద అంచు ఎక్కడానికి మరో 10 కలిపి కోసుకో. కోత బల్ల మీదే, ఫ్రేమ్ మీద బ్లేడు పెట్టకు. పై గొట్టానికి అతుకు అడుగువైపు రావాలి. హ్యాండిల్ వైపు నుంచి పెడళ్ల దాకా దిగే ఏటవాలు గొట్టానికి మాత్రం అలా వద్దు, ముందు చక్రం చిమ్మే బురద నేరుగా అక్కడే కొడుతుంది. అతుకును పక్కకు జరిపి, పైకి కనిపించే అంచు నేలవైపు ఉండేలా చూసుకో, నీళ్లు జారిపోతాయి.

అతికించేటప్పుడు మధ్య నుంచి అంచులకు మెత్తటి గుడ్డ చుట్టిన పాత కార్డుతో ఒత్తుకుంటూ రా. ముడత పడితే లాగి సరిచేద్దామనుకోకు, సాగి పాడవుతుంది. పైకి లేపి, కాస్త వెచ్చబెట్టి మళ్లీ వెయ్యి. మొండి బుడగ ఉంటే గుండుసూదితో పొడిచి ఒత్తు. అక్షరాల స్టిక్కర్లయితే కొంచెం సబ్బునీళ్లు చల్లితే అటూ ఇటూ జరుపుకోవచ్చు. గొట్టానికి చుట్టేది మాత్రం పొడిగానే.

బ్రేక్ షూలు తగిలే రిమ్ము భాగం మీద ఏదీ అతికించకు. పెడళ్ల ఇరుసు కింద ఉండే ఫ్రేమ్ నంబర్‌నీ కప్పకు, సైకిల్ పోతే దాన్ని పట్టించేది అదే. వెనక మడ్‌గార్డ్‌కి మాత్రం రిఫ్లెక్టివ్ స్టిక్కర్ తప్పకుండా వెయ్యి. అందం సంగతి ఎలా ఉన్నా నా మాట విను.

పనయ్యాక 24 గంటలు తడపకు. అసలు ముందు పై గొట్టం ఒక్కటే చేసి ఫొటో పంపు. అతుకు ఎలా వచ్చిందో చూసి మిగతావాటి గురించి మాట్లాడదాం.

ఆశీస్సులతో,
మావయ్య