త్రికోణమితి పాఠం రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల కోసం నువ్వు రాసిన త్రికోణమితీయ సమీకరణాల అధ్యాయం చదివాను. లెక్కల్లో తప్పు లేదు. అయితే నువ్వు ఆ దారి ఎందుకు పట్టావో చదివేవాడికి ఎక్కడా తెలియదు.

నీ మొదటి లెక్కే చూడు: 2 కాస్² థీటా + 3 సైన్ థీటా = 3. రెండో వరుసలోనే ‘కాస్² బదులు 1 − సైన్² రాయగా’ అనేశావు. సైన్‌నే ఎందుకు ఉంచాలి, కాస్‌ను ఉంచితే ఏం పోయింది అని పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు. సైన్ ఇక్కడ వర్గం లేకుండా ఉంది. దాన్ని కాస్‌లోకి మార్చబోతే వర్గమూలం, దాని వెనకే ప్లస్సా మైనస్సా అన్న తగువు వచ్చి పడతాయి. కాస్ వర్గంలోనే ఉంది కాబట్టి ఏ పేచీ లేకుండా మారుతుంది. ఈ మాట ముందు చెప్పు, తర్వాత మార్చు. అప్పుడు 2 సైన్² − 3 సైన్ + 1 = 0 అన్న వర్గ సమీకరణం, అందులోంచి సైన్ = 1/2 లేదా 1 అన్నది వాడే రాబడతాడు. 0° నుంచి 360° లోపు సాధనలు 30°, 90°, 150°. క్యాలిక్యులేటర్ 30° చూపించి ఊరుకుంటుంది గనుక, సైన్ రెండో పాదంలోనూ (90°, 180° మధ్య) ధనాత్మకమేనని వృత్తం గీసి చూపించు.

నీ చరిత్ర భాగం పేజీన్నర ఉంది, తీసెయ్. ఆర్యభటుడి సైన్ పట్టికలో వ్యాసార్ధం 3438 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) కాబట్టి అక్కడ సైన్, కాస్ వర్గాల మొత్తం 1 కాదు, 3438 వర్గం అన్న ఒక్క సంగతి ఉంచు. సైన్² + కాస్² = 1 అన్న సూత్రం పైథాగరస్ సిద్ధాంతమేనని అర్థం కావడానికి అది చాలు.

ఇక సైన్ థీటా + కాస్ థీటా = 1. రెండు వైపులా వర్గం చేశావు, 1 + 2 సైన్ కాస్ = 1 వచ్చింది, 0°, 90°, 180°, 270° రాశావు, ‘సరిచూడగా చివరి రెండూ తగవు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పాఠమంతటికీ ప్రాణం ఇక్కడే ఉంటే ఇంత తొందర దేనికి? 180° పెడితే ఎడమవైపు −1 వస్తుంది. 270° పెట్టినా అంతే. వర్గం చేస్తే 1, −1 రెండూ ఒకటే అయిపోతాయి కదా! అందుకే మొత్తం −1 అయ్యే కోణాలు కూడా పిలవని పేరంటంగా వచ్చి కూర్చున్నాయి. ఇది నాలుగు వాక్యాల్లో రాయి, ఫరవాలేదు.

దీనికి ఎదురు లెక్క కూడా పక్కనే పెట్టు: 1 − కాస్² థీటా = సైన్ థీటా. ఇది సైన్² = సైన్ అవుతుంది. పిల్లలు రెండు వైపులా సైన్ కొట్టేసి 90° ఒక్కటే రాస్తారు. 0°, 180° గల్లంతు. కొట్టేయకుండా ఒకవైపుకు తెచ్చి కారణాంకాలు చేయించు.

అభ్యాసంలో లెక్కలన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. సగం తీసేసి, కాస్² థీటా + 5 సైన్ థీటా = 7 చేర్చు. సైన్ విలువ 2 లేదా 3 అని వస్తుంది, అంటే సాధన లేదు. జవాబుల పేజీలో ఆ మాటతో పాటు సైన్ 1 దాటదన్న కారణం కూడా అచ్చు వేయించు.