అమ్మ ఇల్లు అన్నయ్య పేరున రాసే ముందు మా పెద్దమ్మ సంగతి వినండి

నాన్నగారు పోయాక అమ్మగారు తన పేరున ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారనీ, ఇల్లు తన పేరున రాస్తే అమ్మను చూసుకుంటానని మీ అన్నయ్య అంటున్నారనీ రాశారు. రాయించవచ్చా, రేపు తేడా వస్తే ఆమె ఎక్కడికి వెళ్లాలి అని అడిగారు. నా జవాబు ముందే చెబుతాను: దాన సెటిల్‌మెంట్ (ఇంటిని ఇప్పుడే ఇచ్చేసే దస్తావేజు) వద్దు, వీలునామా రాయించండి. ఎందుకో తెలియాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

2017లో పెద్దమ్మ తన ఇల్లు కొడుకు పేరున దాన సెటిల్‌మెంట్ చేసింది. రెండు గదులు, ఒక వసారా, పెరట్లో కొబ్బరిచెట్టు. సాక్షి సంతకం పెట్టిన ఇద్దరిలో నేనొకడిని. రిజిస్ట్రేషన్ రోజున యంత్రం మీద ఆమె వేలిముద్ర పడలేదు. నలభై ఏళ్లు అంట్లు తోమి, పిండి రుబ్బి గీతలు అరిగిపోయిన వేళ్లు. తడిపి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టి, అయిదోసారికి పడింది. ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా అని అధికారి అడిగితే "నా బిడ్డకే కదా బాబూ" అంది. ఆ దస్తావేజులో ఆమె ఎక్కడ ఉండాలో, ఆమెను ఎవరు చూడాలో ఒక్క ముక్క లేదు.

ఆమె కొడుకు దుర్మార్గుడని నేను అనను. వ్యాపారం కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు, నష్టం వచ్చింది, అప్పు తీర్చడానికి అమ్మేశాడు. అద్దె ఇంట్లోకి మారారు. అక్కడ పెద్దమ్మకు దక్కింది హాల్లో ఒక మడతమంచం. ఆ తర్వాత వంతులు మొదలయ్యాయి. రెండు నెలలు కొడుకు దగ్గర, రెండు నెలలు పెద్దకూతురి దగ్గర, రెండు నెలలు చిన్నకూతురి దగ్గర.

మన ఇళ్లలో ముసలివాళ్లకు నిలువ నీడ లేకుండా పోవడం ఈ వంతుల మధ్యనే జరుగుతుందని నాకు అప్పుడు అర్థమైంది. మెడపట్టి గెంటేవాళ్లు అరుదు. ఒకరి వంతు అయిపోతుంది, రెండోవారి ఇంట్లో పురుడో, పిల్లల పరీక్షలో, ఏదో ప్రయాణమో ఉంటుంది. "ఇంకో వారం అక్కడే ఉండమ్మా" అని వీళ్లు, "మా రెండు నెలలూ అయ్యాయి కదా" అని వాళ్లు. 2023 వేసవిలో అలాంటి ఒక వారంలో పెద్దమ్మ బస్సు దిగి ఎవరి ఇంటికీ వెళ్లలేదు. గుడి మండపంలో పడుకుంది. ఆమె అక్కడ ఉన్నారని నాలుగో రోజున గుడిలో పనిచేసే ఒకాయన నాకు ఫోను చేసేదాకా మాలో ఎవరికీ తెలియదు. ఆమె మరొకరి ఇంట్లో ఉందని ప్రతి ఇంటివారూ అనుకున్నారు.

నేను హైదరాబాదు నుంచి వెళ్లేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఈలోగా వయోవృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోను చేశాను. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లు చెప్పిన దారిలో ఆమెను పురపాలక సంఘం నడిపే నిరాశ్రయుల వసతి గృహానికి చేర్చారు. నేను వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని సంచి సర్దుకుంటోంది. రెండు చీరలు, బీపీ మాత్రలు, ఒక ప్లాస్టిక్ కవరులో పాత ఇంటి కరెంటు బిల్లులు. పెదనాన్న పేరున ఉన్న ఆ బిల్లులు మడత నలగకుండా దాచుకుంది. ఇక్కడ ఎలా ఉంది అంటే, "ఎప్పుడు వెళ్తావని ఇక్కడ ఎవరూ అడగలేదురా" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

తర్వాత ఆర్డీఓ దగ్గర పిటిషన్ వేశాం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 ఏళ్లు నిండి, సొంత రాబడితో బతకలేనివారు పోషణ కోసం ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, మాకు ఏడు నెలలు పట్టింది. ముగ్గురు పిల్లలూ తలా 2,000 ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఇల్లు మాత్రం తిరిగి రాలేదు. అది అప్పటికే వేరేవాళ్ల చేతికి పోయింది.

మీరు గట్టిగా పట్టుకోవలసింది ఈ చట్టంలోని 23వ సెక్షన్‌ను. చూసుకుంటాననే షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, అది మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నట్లుగా భావించి, రాసిచ్చినవారు కోరితే చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. మెలిక అంతా ఆ షరతు దగ్గరే. షరతు ఉందని చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం, కొడుకు విడిగా రాసిచ్చిన వాగ్దాన పత్రాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని దానపత్రాన్ని రద్దు చేసింది, ఇల్లు తిరిగి ఆమెకు అప్పగించమంది. ఒక కాగితం ముక్క అంత పని చేసింది. మా పెద్దమ్మ దగ్గర అదీ లేదు.

అందుకే వీలునామా అంటున్నాను. దానికి స్టాంపు ఖర్చు లేదు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్టర్ చేయించుకుంటే ఇంకా మంచిది. బతికి ఉన్నంతకాలం ఇల్లు అమ్మగారిదే, మనసు మారితే మార్చుకోవచ్చు. మీ అన్నయ్య నిజంగా చూసుకునేవారైతే ఆయనకు దీనివల్ల పోయేదేమీ లేదు. ఇప్పుడే రాయాలని పట్టుబడితే, ఆమె జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె వస్తే తీసుకునే హక్కు ఆమెదేననీ, తిండి, మందులు, వైద్యం మీ అన్నయ్యదే బాధ్యతనీ, తప్పితే దస్తావేజు రద్దు చేయవచ్చనీ, ఆమె బతికి ఉండగా తాకట్టు పెట్టడం, అమ్మడం కుదరదనీ అందులోనే రాయించండి. లాయరు చేత రాయించండి. అచ్చు నమూనాలో పేర్లు మాత్రమే నింపే దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లవద్దు.

ఇప్పుడు పెద్దమ్మ అద్దె గదిలో ఉంటోంది. ఆ గది దొరకడం ట్రిబ్యునల్ కన్నా కష్టమైంది. మూడు ఇళ్లవాళ్లు బయానా తీసుకునే దాకా వచ్చి, ఆమె వయసు విని వెనక్కి తగ్గారు. "ఏదైనా అయితే మా ఇంట్లోనా?" అన్నారు. అద్దె ఇంట్లో చావు జరగకూడదనే పట్టింపు ఒంటరి ముసలివాళ్లను ఎంతమందిని వీధిలో నిలబెడుతోందో ఎవరూ లెక్కపెట్టరు. నాలుగో ఇల్లు ఒక వితంతువుది. ఆమె అడిగింది ఒక్కటే, రాత్రి పూట ఫోను చేస్తే ఎత్తేవాళ్ల నంబరు. నాది ఇచ్చాను.

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చిరునామా సంగతి మరచిపోకండి. వంతుల్లో తిరిగినన్నాళ్లూ పెద్దమ్మ పింఛను చాలా నెలలు చేతికి రాలేదు, ఎందుకంటే వార్డు సచివాలయం తరఫున ఇచ్చే రోజున ఆమె ఆ ఊళ్లో ఉండేది కాదు. గది దొరికాక మొదట చేసిన పని ఆధార్‌లో చిరునామా మార్చడం, పింఛను ఆ వార్డుకు బదిలీ పెట్టడం. ఇప్పుడు వచ్చే 4,000, పిల్లలు ఇచ్చే 6,000 కలిపి అద్దె, మందులు, కూరలు గడుస్తున్నాయి. చిన్నకూతురు ఆదివారాలు వచ్చి పోతోంది, తల్లి దగ్గర కాసేపు పడుకుని మరీ వెళుతుంది.

ఏ దస్తావేజైనా సరే, చిత్తుప్రతి చేతికి రాగానే సంతకానికి ముందు అమ్మగారి పక్కన కూర్చుని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా పైకి చదివి వినిపించండి. మా పెద్దమ్మకు ఆ రోజు ఎవరూ చదివి వినిపించలేదు. నేనూ వినిపించలేదు.