సిటీ రోడ్ల మీద కార్ల రేసంటే మాకు అంత బెంగ ఎందుకు?

"హైదరాబాద్‌లో జరిగింది ఒకే ఒక్క 'ఫార్ములా ఈ' రేసు, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు. దాన్ని తలుచుకుని ఫ్యాన్స్ ఇప్పటికీ ఎందుకింత బెంగపడతారు? నోయిడాలో, చెన్నైలో ట్రాకులున్నాయి కదా, నగరం నడిబొడ్డున రోడ్లు మూయాల్సిన అవసరమేంటి?" అని అడిగారు. ఆ రేసులు దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఒక సవరణ. హుస్సేన్‌సాగర్ ఒడ్డున రేసు కార్లు తిరిగింది 2023 ఫిబ్రవరిలో మాత్రమే కాదు. అంతకు ముందు 2022 నవంబర్‌లో, డిసెంబర్‌లో ఇండియన్ రేసింగ్ లీగ్ కూడా అక్కడికి వచ్చింది. నవంబర్ వారాంతంలో ఆలస్యాలు, ప్రమాదం కలిసి అసలు రేసులు జరగనే లేదు. డిసెంబర్ 10, 11 తేదీల్లో మాత్రం ఫైనల్ రౌండ్ జరిగింది. ఫార్ములా ఈకి వచ్చినంత పేరు దానికి రాలేదు గానీ, నా బెంగలో సగానికి పైగా దాని గురించే. ఎందుకంటే అందులో నడిచినవి వుల్ఫ్ జీబీ08 థండర్ అనే ఇటలీ కార్లు. అవి స్పోర్ట్స్ ప్రోటోటైప్ రకం. చక్రాలు బయటికి కనిపించవు, బాడీ కప్పేసి ఉంటుంది. నేలకు కరుచుకుపోయినట్టుండే ఆకారం, వెనక వెడల్పాటి వింగ్. ఇంజిన్ బైకులు చేసే అప్రిలియా వాళ్లది, 1,100 సీసీ, దాదాపు 220 హార్స్‌పవర్. బైకు ఇంజిన్ కాబట్టి చప్పుడు కూడా అలాగే ఉంటుంది. గేరు మారినప్పుడల్లా ఒక్క క్షణం తెగి, మళ్లీ పైస్థాయిలో అందుకుంటుంది. ఆ చప్పుడు రోడ్డుకు రెండువైపులా పెట్టిన కాంక్రీట్ దిమ్మెలకు కొట్టుకుని రెట్టింపై వినిపించేది. కారు మలుపు తిరిగి కనబడకముందే అది ఏ గేరులో వస్తోందో నా పక్కనున్న కుర్రాళ్లు పందెం కాసుకున్నారు.

ఇక అసలు ప్రశ్న. ట్రాకు మీద లేనిది రోడ్డు మీద ఏముంది? నా దృష్టిలో ఒక్కటే: ఆ రోడ్డు మనకు తెలుసు.

ఎన్టీఆర్ మార్గ్ మీద బండి నడిపినవాళ్లకు ఆ రోడ్డు ఒంటికే తెలుస్తుంది. లుంబినీ పార్కు దగ్గర ఎక్కడ జనం అడ్డం వస్తారో, ఐమాక్స్ వైపు తిరిగేటప్పుడు ఎంత ముందు బ్రేకు నొక్కాలో, వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఎవరూ చెప్పక్కర్లేదు. టీవీలో కారు పక్కన స్పీడు అంకె పడితే అది అంకెగానే ఉండిపోతుంది, పోల్చుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు. నోయిడాలోని బుద్ధ్ ట్రాకు ఎంత గొప్పదైనా ఆ మలుపులో నేనెప్పుడూ తిరగలేదు. కానీ నేను నలభై మీద భయంభయంగా తిరిగే చోట ఒక కారు అంతకు ఎన్నో రెట్లు వేగంతో వచ్చి, గోడకు జానెడు దూరంలో పోతుంటే ఆ వేగం ఏమిటో కడుపులో తెలిసింది. డ్రైవర్లు ఏం చేస్తున్నారో నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే. అంతకు ముందు ఏళ్ల తరబడి టీవీలో చూసింది వేరు.

ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ రేసు కూడా నాకు ఇందుకే గుర్తుండిపోయింది. 2.83 కిలోమీటర్ల సర్క్యూట్, 18 మలుపులు. 2013లో నోయిడాలో ఆగిపోయిన ఇండియన్ గ్రాండ్ ప్రి తర్వాత మన దేశంలో జరిగిన తొలి ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య) ప్రపంచ చాంపియన్‌షిప్ కార్ల రేసు అది. పోల్ పొజిషన్, అంటే అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టే చోటు, జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్‌ది. మూడో మలుపు హెయిర్‌పిన్, అంటే దాదాపు వెనక్కి తిరిగిపోయే మలుపు, అక్కడ అతని టీమ్‌మేట్ శామ్ బర్డే వచ్చి గుద్దేశాడు. ఒకే టీమ్ కార్లు రెండూ అవుట్. చివరికి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వెనక నిక్ కాసిడీ దగ్గర బ్యాటరీ ఎక్కువ మిగిలింది, వెర్న్ దగ్గర అయిపోవస్తోంది. చివరి ల్యాపుల్లో వెర్న్ కాస్త ముందుగానే బ్రేకు వేసి చార్జి వెనక్కి లాక్కోవడం, అయినా లోపలివైపు దారి వదలకపోవడం, కాసిడీ ఎటు వెళ్లాలన్నా గోడే ఉండటం. గీత దాటేసరికి ఇద్దరి మధ్య తేడా సెకను కూడా లేదు. రోడ్డు వెడల్పుగా ఉండే ట్రాకులో అయితే కాసిడీ సులువుగా దాటేసేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

ఎలక్ట్రిక్ కార్లకు చప్పుడుండదని చాలామంది పెదవి విరిచారు. నిజమే, వుల్ఫ్ కార్ల గోల వేరు. అయితే ఇంజిన్ హోరు లేకపోవడం వల్ల మామూలుగా వినబడనివి వినబడ్డాయి. టైర్లు జారే కీచు, ఎగుడుదిగుడు చోట కారు అడుగు రోడ్డుకు గీరుకున్న చప్పుడు. ఆ జెన్3 (మూడో తరం ఫార్ములా ఈ) కార్లకు వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు, మోటారే కారును ఆపుతుంది, ఆపుతూ చార్జి చేసుకుంటుంది. హెయిర్‌పిన్ ముందు అది సన్నగా కూత పెట్టేది.

ఈ బెంగ హైదరాబాద్ వాళ్లదే కాదు. అమెరికాలో స్పోర్ట్స్ కార్ల అభిమానుల్ని కదిలించండి, మయామి గురించి మొదలుపెడతారు. 1983లో అక్కడ డౌన్‌టౌన్‌లో, బేఫ్రంట్ పార్కు చుట్టూ, నీళ్ల పక్కనే రేసు పెట్టారు. మొదటి ఏడాదే కుండపోత వాన పడి రేసును మధ్యలో ఆపేశారు, అయినా మర్నాటి ఏడాది మళ్లీ పెట్టారు. చైనా తీరంలోని మకావ్‌లో 1954 నుంచి ఊరి రోడ్ల మీదే నడుస్తోంది, మొదట్లో అది స్థానిక ఔత్సాహికుల స్పోర్ట్స్ కార్ల రేసే. అమెరికాలోనే లాంగ్ బీచ్‌లో 1975లో మొదలైంది, ఇప్పటికీ స్పోర్ట్స్ కార్లు అక్కడ పరిగెడుతున్నాయి. ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసులో అందరూ చెప్పుకునే ముల్సాన్ స్ట్రెయిట్ మిగతా ఏడాదంతా లారీలు తిరిగే మామూలు రోడ్డు. ఇటలీలో మిల్లే మిగ్లియా ఊళ్ల మధ్య నుంచి దాదాపు 1,600 కిలోమీటర్లు సాగేది. 1957లో ప్రేక్షకులు చనిపోయిన ఘోర ప్రమాదంతో ఆగిపోయింది. ఆ గోడలు, ఇనుప కంచెలు, మూతలు కదలకుండా బిగించిన మ్యాన్‌హోళ్లు అన్నీ అలాంటి అనుభవాల నుంచే వచ్చాయి. వాటిలో ఏది తప్పినా ఏమవుతుందో 2023లో లాస్ వేగస్ ఫార్ములా వన్ ప్రాక్టీసులో చూశాం. రోడ్డులోని ఒక వాల్వు మూత ఊడి కార్లోస్ సైన్జ్ ఫెరారీ అడుగును చీల్చేసింది.

రోడ్లు మూయడం గురించి మీరన్నది న్యాయమే. ఆ వారం సైఫాబాద్, లక్డీకాపూల్, ఖైరతాబాద్ వైపు ఆఫీసులకు వెళ్లినవాళ్లు నరకం చూశారు. మా ఇంట్లోనే తిట్టినవాళ్లున్నారు. ప్రాక్టీసు రోజున మామూలు బండ్లు ట్రాకు మీదికి వచ్చేసిన సంగతి కూడా అందరికీ తెలిసిందే. ఇవి చిన్న లోపాలు కావు. కానీ అదే ఎన్టీఆర్ మార్గ్‌ను ఏటా వినాయక నిమజ్జనానికి మూస్తాం, వరసగా క్రేన్లు నిలబెడతాం, లక్షల మందిని పంపిస్తాం. ఎప్పుడు ఏ రోడ్డు మూస్తారో జనానికి ముందే తెలుసు కాబట్టి నడిచిపోతుంది. రేసు కూడా ఏటా ఒకే వారంలో, ఒకే పద్ధతిలో జరిగి ఉంటే నగరానికి అలవాటయ్యేది. ఆ అవకాశమే రాలేదు. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు జనవరి మొదట్లోనే రద్దయింది. ప్రభుత్వం మారింది, ఒప్పందం కొనసాగలేదు, చెల్లింపుల మీద కేసులు నడిచాయి. ఆ రాజకీయాల్లోకి నేను వెళ్లను.

అదే ఏడాది ఆగస్టు 31, సెప్టెంబర్ 1న చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి పూట స్ట్రీట్ రేసు జరిగింది. ఫోన్లో చూస్తూ సంతోషపడ్డాను, కడుపు మండింది కూడా. ఆ దీపాల కింద పోతున్న వుల్ఫ్ కార్లు అంతకు ముందు మా సాగర్ ఒడ్డున తిరిగినవే.

రేసు అయిపోయాక కూడా చాన్నాళ్లు ఆ రోడ్డు మీద టైరు రబ్బరు మరకలు కనిపించేవి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక కూర్చున్న మా అబ్బాయి "నాన్నా, ఇక్కడే కదా జారింది" అని చూపించేవాడు. నోయిడా వెళ్లి చూసొచ్చి ఉంటే వాడికి ఆ మాట వచ్చేది కాదు. అంత ఖర్చు పెట్టి వాణ్ణి తీసుకెళ్లగలిగేవాణ్ణి కూడా కాదు. ఇక్కడికైతే ఎంఎంటీఎస్‌లో నెక్లెస్ రోడ్ స్టేషన్‌లోనో, మెట్రోలో ఖైరతాబాద్‌లోనో దిగి నడిచి వెళ్లొచ్చు.

మళ్లీ పెడితే మాత్రం స్పోర్ట్స్ కార్లతో మొదలుపెట్టాలని నా కోరిక. ఇరుకు రోడ్డు మీద బయట చక్రాలున్న కార్లు ఒకదానికొకటి తగిలితే చాలా సార్లు అక్కడితో సరి. చక్రాలు కప్పి ఉన్న కార్లు రాసుకుపోయినా పెయింటు పోతుందంతే, పోటీ సాగుతుంది. ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు, రెండు గంటల రేసు, మధ్యలో పిట్‌లో (కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోట) డ్రైవర్ల మార్పిడి. జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో పెట్టి, తేదీలు, మూసే రోడ్లు ఆరు నెలల ముందే ప్రకటించాలి. శుక్రవారం ప్రాక్టీసుకు ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల్ని టికెట్ లేకుండా పంపాలి, పిట్ వెనక నిలబడి చక్రాలు మార్చడం చూడనివ్వాలి. ఇంత జరిగితే టికెట్ కోసం క్యూలో మొదట నిలబడేది నేనే, మా అబ్బాయితో సహా.