ట్రాక్టరుకు క్విక్ హిచ్: కొనే ముందు టేపు పట్టండి

యంత్రాలు, పనిముట్ల గురించి పాఠకులు అడిగినవాటికి జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద, పనిముట్టును ట్రాక్టరు వెనక తగిలించడం, దాన్ని చకచకా చేయించే క్విక్ హిచ్ అనే అమరిక మీద ఉన్నాయి కాబట్టి పేజీ అంతా దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. 45 హెచ్‌పీ ట్రాక్టరు ఉంది. సొంత పొలం ఆరెకరాలే, మిగతాదంతా కిరాయి పని. కల్టివేటర్, రోటావేటర్, సీడ్ డ్రిల్, లెవెలింగ్ బ్లేడు ఉన్నాయి. సీజన్లో రోజుకు మూడు నాలుగు సార్లు ఒకటి విప్పి ఇంకొకటి తగిలించాలి, ఇద్దరు మనుషులు లేకపోతే కుదరదు. అమెరికాలో ఉండే మా బావమరిది తన చిన్న ట్రాక్టరుకు క్విక్ హిచ్ పెట్టుకున్నాడు. సీటు దిగకుండానే పనిముట్టు తగిలించడం వీడియో కాల్‌లో చూపించాడు. ఈసారి వచ్చేటప్పుడు నాకూ ఒకటి తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?

జవాబు: అప్పుడే తెమ్మనకండి. ముందు ఒక టేపు, ఒక కాగితం తీసుకుని మీ షెడ్డులోకి వెళ్లండి.

పనిముట్టు ట్రాక్టరు వెనక చేతుల్లాంటి మూడు లింకులకు పిన్నులతో తగులుతుంది, కింద రెండు, పైన ఒకటి (టాప్ లింకు). ఈ అమరికే మూడు బిందువుల లంకె. ప్రతి పనిముట్టుకూ నాలుగు కొలతలు రాసుకోవాలి. కింది పిన్నుల మందం, కింది పిన్నుల మధ్య వెడల్పు, పై పిన్ను మందం, కింది పిన్నుల వరుస నుంచి పై పిన్ను దాకా ఎత్తు. మన 45 హెచ్‌పీ ట్రాక్టర్లకు మామూలుగా వచ్చేది కేటగిరీ 2 లంకె. అందులో కింది పిన్ను 28 మి.మీ., పైది సుమారు 25 మి.మీ., కింది వెడల్పు 82 సెం.మీ. పైచిలుకు. చిన్న ట్రాక్టర్లకు వచ్చే కేటగిరీ 1లో ఇవే కొలతలు 22, 19 మి.మీ., 68 సెం.మీ. కిరాయికి తిరిగే వాళ్ల దగ్గర ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. పాత బ్లేడు ఒక కేటగిరీ, కొత్త రోటావేటర్ ఇంకో కేటగిరీ, మధ్యలో సందు పూడ్చే బుష్షులు వేసి నెట్టుకొస్తుంటారు. మీ నాలుగూ ఎలా ఉన్నాయో మీకే తెలియాలి.

అసలు చిక్కు నాలుగో కొలతతో వస్తుంది. మీ బావమరిది వాడేది ఫ్రేమ్ రకం అయి ఉంటుంది: ట్రాక్టరు మూడు లింకులకూ ఒక ఇనుప చట్రం బిగించి ఉంచుతారు, దానికి కింద రెండు కొక్కేలు, పైన ఒకటి. వెనక్కి వెళ్లి, కొక్కేలను పనిముట్టు పిన్నుల కిందికి తెచ్చి, హైడ్రాలిక్ లివర్ ఎత్తితే మూడూ ఒకేసారి పట్టుకుంటాయి. అమెరికాలో ఈ చట్రాలకు ఒక ప్రమాణం ఉంది, కింది కొక్కేల నుంచి పై కొక్కేనికి 15 అంగుళాలు, అంటే 38 సెం.మీ. అక్కడి పనిముట్లు చాలావరకు దానికి తగ్గట్టే తయారవుతాయి. మనకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ ఎత్తు కేటగిరీ 1లో 46 సెం.మీ., కేటగిరీ 2లో 61 సెం.మీ. ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించిన పనిముట్టయితే ఎవరి కొలత వారిది. ఇక బావమరిది తెచ్చిన కొక్కెం మీ రోటావేటర్ పై పిన్నును ఎక్కడ అందుకుంటుంది? పై కొక్కెం జరుపుకునే వీలున్న చట్రాలూ ఉన్నాయి, అది ఎంత దాకా జరుగుతుందో ముందు అడిగి మీ కాగితంతో పోల్చి చూడండి. ఇంకో సంగతి, చాలామంది దీన్ని మర్చిపోతారు: పై పిన్ను రెండు పట్టీల మధ్య ఉంటుంది కదా, ఆ సందులో కొక్కెం దూరాలి. కొన్ని కల్టివేటర్లకు ఆ సందు టాప్ లింకు పట్టేంతే ఉంటుంది, కొక్కెం పట్టదు.

మూడు బిందువుల లంకెను నిలబెట్టిన మనిషి ఐర్లండ్‌వాడైన హ్యారీ ఫెర్గూసన్. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో అది లోకమంతా పాకింది. వెనక ఈడ్చుకెళ్లే బండిలా కాకుండా పనిముట్టు ట్రాక్టరులో ఒక భాగంలా ఉండాలన్నది ఆయన పట్టుదల. కొలతలు కలవని చోట ఆ లంకె ఎంత గొప్పదైనా పిన్ను దూరదు, నాకు ఆ బాధ పాతికేళ్లుగా తెలుసు.

మీ కిరాయి పనికి నేను చెప్పేది రెండో రకం, కింది లింకుల చివర గుండ్రటి కన్ను బదులు పైకి నోరు తెరిచిన కొక్కెం ఉండేది. పనిముట్టు పిన్నులకు ఇనుప గుండ్లు తొడిగి ఉంచుతారు, లింకులు కింది నుంచి లేచి ఆ గుండ్లను పట్టుకుంటాయి, నాలుక దానంతట అదే మూసుకుంటుంది. విడిపించడానికి సీటు దగ్గరికి తాడు ఉంటుంది. దీనిలో టాప్ లింకు విడిగానే ఉంటుంది కాబట్టి పనిముట్ల ఎత్తులు వేరువేరుగా ఉన్నా ఇబ్బంది లేదు. టాప్ లింకు చేత్తో తగిలించాలి, నిజమే, కానీ మనిషిని ఏడిపించేది కింది రెండు పిన్నులే కదా, ఆ బాధ పోతుంది. నాలుగు పనిముట్లకూ నాలుగు జతల గుండ్లు కావాలి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: పాత లింకు చివర కోసేసి, కొక్కెం తెచ్చి ఊళ్లో వెల్డింగ్ పెట్టించొద్దు. లింకు సాగగొట్టి చేసిన ఉక్కు, మామూలు ఇనుము కాదు. అతుకు పైకి చక్కగానే కనిపిస్తుంది, గట్టు దాటేటప్పుడు వంద కిలోలు కాదు, నాలుగైదు వందల కిలోలు దాని మీద ఎగిరి పడతాయి. మీ ట్రాక్టరు మోడల్‌కు సరిపోయే పూర్తి లింకులు దొరికితేనే పెట్టించండి.

అవి దొరకకపోతే, చివరలు బయటికి సాగే లింకులు అడగండి. లాక్ తీసి చివరను బయటికి లాగి పిన్నుకు తొడిగి, ట్రాక్టరును మెల్లగా వెనక్కి తెస్తే అది లోపలికి వెళ్లి లాక్ అవుతుంది. పూర్తి క్విక్ హిచ్ కాదు, కానీ ఖర్చు తక్కువ, సగం టెన్షన్ తీరుతుంది. నాలుగు పనిముట్ల కొలతలూ ఆ అమెరికా చట్రంతో అచ్చంగా కలిశాయా, అప్పుడు బావమరిదికి ఫోన్ చేయండి.

ప్రశ్న: నల్గొండ జిల్లా నుంచి రాస్తున్నాను. పోయిన నెల ఫ్రేమ్ రకం క్విక్ హిచ్ పెట్టించాను. కల్టివేటర్‌తో బాగుంది. రోటావేటర్ తగిలించి, పైకెత్తి మలుపు తిప్పుతుంటే, ఇంజను బలాన్ని రోటావేటర్‌కు అందించే పీటీవో షాఫ్టు మధ్యలో ఊడి వచ్చేసింది. ముందు చక్రాలు కూడా తేలినట్టు అనిపిస్తోంది.

జవాబు: రెండింటికీ కారణం ఒకటే. ఆ చట్రం మీ రోటావేటర్‌ను సుమారు 10 సెం.మీ. వెనక్కి నెట్టింది. షాఫ్టు ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూరి ఉంటుంది కదా, అవి పొడవులో మూడో వంతుకు తగ్గకుండా ఒకదానిలో ఒకటి ఉండాలి. మీ పాత షాఫ్టుకు ఆ పట్టు పోయింది. పొడుగు షాఫ్టు తెచ్చుకోండి, తెచ్చాక పనిముట్టును పూర్తిగా కిందికీ పైకీ ఆడించి రెండు చోట్లా చూడండి, మరీ పొడుగైతే గొట్టాలు అడుగుకు గుద్దుకుని గేరుబాక్సు బేరింగులు పోతాయి. రోటావేటర్ ఎత్తినప్పుడు పీటీవో ఆపేయడం అలవాటు చేసుకోండి. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు ఊడితే అది చుట్టుపక్కల వాళ్లను చూసి ఆగదు.

బరువు విషయానికొస్తే, కంపెనీ చెప్పే లిఫ్టు సామర్థ్యాన్ని లింకు చివర దగ్గరో, అక్కడి నుంచి 61 సెం.మీ. వెనకో కొలుస్తారు. బరువు వెనక్కి జరిగే కొద్దీ ట్రాక్టరును వెనక్కి లాగే బలం పెరుగుతుంది, పైగా చట్రం బరువు అదనం. ఆరడుగుల రోటావేటరే సుమారు 400 కిలోలు. ముందు బంపర్‌కు వెయిట్లు వేయించండి. వేయించేదాకా గట్లు ఎక్కించొద్దు, ముందు చక్రం తేలితే స్టీరింగ్ మీ చేతిలో లేనట్టే.

ఇంకొకటి. క్విక్ హిచ్ ఉన్నా షాఫ్టు మాత్రం కిందికి దిగి చేత్తోనే తగిలించాలి. సీటు దిగక్కర్లేదన్న మాట కల్టివేటర్‌కు, బ్లేడుకు చెల్లుతుంది, రోటావేటర్‌కు చెల్లదు. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగండి.

ప్రశ్న: మా ఆయన ట్రాక్టరు వెనక్కి తెస్తుంటే పిన్ను పెట్టేది నేనే. కర్నూలు జిల్లా, ఇంట్లో ఇంకో మగమనిషి లేడు. పోయిన వారం లింకు ఒక్కసారిగా కదిలి నా చెయ్యి రెప్పపాటులో తప్పింది. క్విక్ హిచ్ కొనేంత డబ్బు ఇప్పుడు లేదు. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మీకే ముందు జవాబు రాశాను. నా ఎడమచేతి ఉంగరపు వేలికి గోరు లేదు. లింకు కంట్లో పిన్ను సగం దూరి ఆగిపోతే, వేలితో రంధ్రం సరిచూస్తూ "కొంచెం రా" అన్నాను. ట్రాక్టరు కదిలింది బెత్తెడు కూడా కాదు.

ఈ రోజు నుంచి ఒకే పద్ధతి పెట్టుకోండి. ట్రాక్టరు కదులుతున్నంత సేపు మీరు దానికీ పనిముట్టుకూ మధ్యలో ఉండొద్దు, పక్కన, ఆయనకు కనిపించేలా, పెద్ద చక్రానికి దూరంగా నిలబడండి. ఆయన చేరువకు తెచ్చి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, దిగి వచ్చాకే మీరు లోపలికి వెళ్లాలి. లింకు అందకపోతే ఆయన మళ్లీ ఎక్కాలి, మీరు మళ్లీ బయటికి రావాలి. విసుగనిపిస్తుంది, ఆయన కేకలేసినా సరే వినొద్దు. రంధ్రం కలిసిందో లేదో వేలితో చూడొద్దు, ఒక ఇనుప చువ్వ దగ్గర పెట్టుకోండి.

డబ్బు ఖర్చు కాని ఉపాయం ఒకటుంది. పనిముట్టు విప్పే చోటే సగం పని ఉంటుంది. చదునైన గట్టి నేల మీద, కింద చెక్క మొద్దులు పెట్టి, పిన్నులు లింకుల ఎత్తుకు వచ్చేలా దించండి. మెత్తటి నేలలో దించిన కల్టివేటర్ ఒక పక్కకు దిగిపోతుంది, మర్నాడు గడ్డపార వేసి లేపడం అప్పుడే మొదలవుతుంది. ట్రాక్టరు తిన్నగా వెనక్కి రాగలిగేలా ముందు ఖాళీ వదలండి. తగిలించేటప్పుడు ముందు ఎడమ లింకు, తర్వాత కుడిది, టాప్ లింకు చివర్లో. చాలా ట్రాక్టర్లలో కుడి లింకు ఎత్తు మాత్రమే తిప్పి సరిచేసుకునే వీలుంటుంది, అందుకే అది రెండోది కావాలి. విప్పేటప్పుడు టాప్ లింకు ముందు తీయండి. కింది లింకులు పక్కలకు ఊగకుండా పట్టే చెక్ చైన్లు తగిలించాక బిగించండి, వదులుగా ఉంటే పనిముట్టు ఊగి టైరును కోస్తుంది.

లింకు ఊడిపోకుండా చివర పెట్టే లించ్ పిన్నులకు సన్న గొలుసు వేసి లింకుకే కట్టేయండి. బురదలో పడిన పిన్ను దొరక్క మేకు పెట్టి నడిపించే బండ్లను చాలా చూశాను. మీ దగ్గర మాత్రం అలా జరగనివ్వకండి, రెండు పిన్నులు అదనంగా కొని టూల్ బాక్సులో ఉంచండి.