ఆ బ్యాగ్ ఒకసారి ఇంట్లో తెరవండి

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు. ఇరవై ఏళ్లుగా మెడికల్ రెప్ ఉద్యోగం, కూతురు ఎంబీబీఎస్ సెకండియర్. "కాలేజీలో మందుల కంపెనీల బ్రోషర్లు ముందేసుకుని తప్పులు వెతికిస్తున్నారట. ఈ గోలంతా ఎందుకండీ, ఆ టైమ్‌లో నీట్ పీజీకి చదువుకోవచ్చు కదా?" అని అడిగారు.

గోల కాదు సార్, సిలబసే. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) ప్రాక్టికల్స్ కింద ఇది నేర్పాలని రాసే ఉంది, కాబట్టి మార్కుల టెన్షన్ వదిలేయండి.

అసలు ఆ క్లాసులో ఏం చూస్తారో చెప్తాను. అమెరికాలో లిపిటార్ అనే కొలెస్ట్రాల్ మందు ప్రకటనలో గుండెపోటు ముప్పు 36 శాతం తగ్గుతుందని పెద్దక్షరాలతో వేసి, పక్కన ఒక చుక్కగుర్తు పెట్టారు. ఆ గుర్తు పట్టుకుని కిందికి వెళ్తే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది: మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 3 శాతం మందికి గుండెపోటు వస్తే, ఈ మందు వాడినవాళ్లలో 2 శాతం మందికి వచ్చిందని. అంటే వందమంది వాడితే సుమారు ఒక్కరికి తప్పింది. అబద్ధం ఎక్కడా లేదు, మందూ మంచిదే. కానీ 36 మాత్రమే విన్న డాక్టరూ, కింద లైను చదివిన డాక్టరూ ప్రిస్క్రిప్షన్ ఒకేలా రాయరు.

2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ కోడ్ గురించి మీకు చెప్పక్కర్లేదనుకుంటా. ఏడాదికి మించి మార్కెట్లో ఉన్న మందుని 'కొత్తది' అనకూడదు, ఊరికే 'సేఫ్' అనకూడదు, డాక్టర్లకు గిఫ్టులు ఇవ్వకూడదు. (నేనూ చాలాకాలం ఎవరో రెప్ ఇచ్చిన పెన్నుతోనే అడ్మిషన్ ఫారాలు నింపాను లెండి.)

కెరీర్ అంటారా, ఈ చూపు ఏ బ్రాంచికి వెళ్లినా పనికొస్తుంది. ఇదే నచ్చితే ఎండీ ఫార్మకాలజీ చేయొచ్చు, ఆ సీట్ల కోసం రేడియాలజీకి ఉన్నంత తోపులాట ఉండదు. తర్వాత ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాలపై నిఘా పెట్టే పని ఉంది, మీ కంపెనీల్లోనే మెడికల్ అడ్వైజర్ పోస్టులున్నాయి.

మీరు అడగకపోయినా ఒకటి అర్థమైంది, అమ్మాయి నా ఉద్యోగాన్ని తక్కువగా చూస్తుందేమోనని మీ బాధ. ఈ ఆదివారం బ్యాగ్‌లోని విజువల్ ఎయిడ్ (డాక్టర్లకు చూపించే బొమ్మల ఫోల్డర్) టేబుల్ మీద పెట్టి, డాక్టరు రూమ్‌లో రెండు నిమిషాల్లో ఏం చెప్తారో తనకీ అలాగే చెప్పండి. దేంతో పోల్చారు, ఎంతమంది మీద, ఎన్నాళ్లు, ధర ఎంత అని అడగనివ్వండి. జవాబు లేనిచోట లేదనే చెప్పండి, తనకి కోపం రాదు.